పరగడుపు అంటే ఎన్ని గంటలు?

గుంటూరు, విజయవాడ నగరాల్లోని మత్తు వైద్యులకు, పిల్లల వైద్యులకు, ఆసుపత్రుల, స్కానింగ్ కేంద్రాల నిర్వాహకులకు, వార్డుల్లో పనిచేసే సిస్టర్లకు

నమస్కారం.

ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తెలుగు పాఠం చెప్పి, ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో విశ్రాంతి జీవితం గడుపుతున్నాను. వైద్యం గురించి మీకు చెప్పగలిగినంత చదువు నాకు లేదు. కానీ ఒక మాట గురించి చెప్పే చదువు ఉంది. ఆ మాట మీ కౌంటర్లలో రోజూ వినిపిస్తుంది. మాటగా చాలా మంచిది, మన అమ్మమ్మల కాలం నుంచి ఉన్నది. కానీ చిన్నపిల్లలకు మత్తు ఇచ్చే సందర్భంలో ఆ ఒక్క మాటా సరిపోవడం లేదు. సరిపోకపోవడమే కాదు, పిల్లలను ఏడిపిస్తోంది, తల్లుల చేత అబద్ధాలు ఆడిస్తోంది. ఆ మాట ‘పరగడుపు’.

మొన్న మే నెల చివరి వారం. రోహిణీ కార్తె. రోళ్లు పగిలే ఎండలు. నా మనవరాలికి అప్పటికి రెండేళ్ల నాలుగు నెలలు. జ్వరం లేకుండానే రెండుసార్లు మూర్ఛ వచ్చింది. నరాల వైద్యులు రోజుకు రెండు పూటలా వేయమని ఒక సిరప్ రాసి, మెదడుకు ఎం.ఆర్.ఐ. తీయించమన్నారు. ఆ యంత్రంలో అరగంటకు పైగా కదలకుండా పడుకోవాలి, చప్పుడు భరించాలి. ఆ వయసు పిల్ల మెలకువగా ఉండి ఆ పని చేయలేదు కాబట్టి మత్తు ఇస్తామన్నారు. అదంతా మాకు అర్థమైంది. ముందు రోజు సాయంత్రం కౌంటరులో ఉన్న అమ్మాయి కాగితం మీద తేదీ వేసి, ‘రేపు ఏడింటికల్లా పాపను పరగడుపున తీసుకురండి’ అంది. మా అమ్మాయి ఇంటికి వచ్చాక అనుమానం వచ్చి ఫోను చేసింది. ‘నీళ్లు కూడా ఇవ్వకూడదా?’ అని అడిగింది. ‘ఏమీ ఇవ్వకండి మేడం, రాత్రి నుంచి ఏమీ వద్దు’ అని సమాధానం వచ్చింది.

రాత్రి ఎనిమిదిన్నరకు పెరుగన్నం తిన్నది. పది గంటలకు పాలు తాగి పడుకుంది. మరునాడు ఉదయం ఆరున్నరకు మా అమ్మాయి ఒక చేతిలో మూర్ఛ మందు సీసా, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని నిలబడింది. మందు వేయాలా, వద్దా? సిరప్ కూడా కడుపులోకి పోయేదే కదా. మందు వేయాలంటే ఒక గుక్క నీళ్లయినా తాగించాలి కదా. ఆసుపత్రి నంబరుకు మూడుసార్లు చేసింది. ఆ వేళకు ఎవరూ ఎత్తలేదు. చివరికి మందు వేయలేదు. ‘ఏమీ వద్దన్నారు కదమ్మా’ అని సీసా మూత బిగించేసింది.

ఆ పరీక్ష ఎందుకు చేయిస్తున్నామో ఒకసారి తలచుకోండి. మూర్ఛ వచ్చింది కాబట్టే కదా. మూర్ఛ రాకుండా వేసే మందును ఒక్క పూట మానితే ఏమవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. తరువాత మీ వైద్యులే మా అమ్మాయిని ‘మందు ఎందుకు మానేశారు?’ అని గట్టిగా అడిగారు. అడగడం న్యాయమే. కానీ మాకు చేరిన ఆదేశంలో మందుకు చోటు లేదు. పరగడుపు అన్న మాట మందును కూడా మింగేసింది.

ఏడు గంటలకు వెళ్లాం. అక్కడ మాలాంటివారు పది, పన్నెండు మంది ఉన్నారు. అందరినీ ఏడింటికే రమ్మన్నారు. అందరూ పరగడుపునే వచ్చారు. యంత్రం మాత్రం ఒక్కటే. ఎవరిని ఎప్పుడు పిలుస్తారో ఎవరికీ తెలియదు. మధ్యలో అత్యవసర కేసు ఒకటి వచ్చింది. రావడం ఎవరి తప్పూ కాదు. తొమ్మిది దాటింది, పది దాటింది. పాప మొదట ‘బువ్వ’ అని అడిగింది. తరువాత పాలు అడిగింది. పది దాటాక ఆ రెండూ మరిచిపోయి, ‘నీళ్లు, అమ్మమ్మా, నీళ్లు’ అని ఒకటే మాట పట్టుకుంది. చెమటకు మెడ తుడుద్దామని చేతిరుమాలు తడిపి తెచ్చాను. ఆ రుమాలు నా చేతిలోంచి లాక్కుని నోట్లో పెట్టుకుని చప్పరించింది. ఆ దృశ్యం చూశాక నేను ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

మా పక్క బల్ల మీద మాచర్ల వైపు నుంచి వచ్చిన ఒక తల్లి కూర్చుని ఉంది. పది నెలల బిడ్డ. వినికిడి పరీక్షకు నిద్రమందు ఇవ్వాలట. రాత్రి పది నుంచి ఆమె బిడ్డకు పాలు ఇవ్వలేదు. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చింది. బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. పదిన్నర ప్రాంతంలో ఆమె ఇక ఆగలేక గోడ వైపు తిరిగి రొమ్ము అందించింది. రెండు నిమిషాలు తాగి బిడ్డ కళ్లు మూసుకుంది. కాసేపటికి సిస్టరు వచ్చి ‘ఏమైనా పెట్టారా?’ అని అడిగితే ఆ తల్లి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అంతే, కేసు వాయిదా పడింది. ‘రేపు రండి, పరగడుపున’ అన్నారు. చదువుకున్న నేను అక్కడే ఉన్నాను గానీ ఆమె తరఫున ఏం మాట్లాడాలో నాకూ తెలియలేదు.

నిజం చెప్పిన తల్లికి ఏమి దక్కిందో ఆ వరండాలో కూర్చున్న అందరమూ చూశాం. ఆ తరువాత పావుగంటకు నేను పాపను చేతులు కడిగే నెపంతో తీసుకుపోయి రెండు, మూడు చెంచాల నీళ్లు తాగించాను. సిస్టరు మా దగ్గరకు వచ్చి అదే ప్రశ్న అడిగినప్పుడు మా అమ్మాయి నా ముఖం చూసింది. ‘ఏమీ పెట్టలేదు’ అని నేనే చెప్పాను. అబద్ధం చెప్పాను. ఆ రోజు నేను దాచింది నీళ్లు. ఆ వరండాలో ఇంకెవరైనా ఇడ్లీ ముక్కో, పాలసీసానో దాచి ఉంటే మీకు ఎలా తెలుస్తుంది?

మధ్యాహ్నం రెండుంపావుకు మమ్మల్ని పిలిచారు. పాలు తాగి పదహారు గంటలు దాటింది. సూది గుచ్చడానికి నరం దొరకలేదు. కుడి చేతికి రెండుసార్లు, ఎడమ చేతికి ఒకసారి గుచ్చి, చివరికి పాదం మీద దొరికింది. ఒంట్లో నీరు తగ్గితే నరాలు ముడుచుకుపోతాయని ఆ తరువాతే మాకు చెప్పారు. పరీక్ష బాగానే జరిగింది. రిపోర్టులో ఏ లోపమూ లేదని వచ్చింది. ఆ మేలుకు మీ అందరికీ మా కుటుంబం ఎప్పటికీ రుణపడి ఉంటుంది. ఫిర్యాదుగా ఈ ఉత్తరాన్ని ఎవరూ చదవవద్దు. అందుకే ఆసుపత్రి పేరు కూడా రాయడం లేదు. పేరు రాస్తే ఒక ఆసుపత్రి తలవంచుకుంటుంది, మిగతావి ఊపిరి పీల్చుకుంటాయి. అది నాకు వద్దు.

పాప తేరుకునేదాకా కూర్చోబెట్టిన గదిలో పెద్దవయసు మత్తు డాక్టరు గారు వచ్చి నాడి చూశారు. ఆయన ముఖంలో దయ కనిపించి, నేను దాచిన సంగతి చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. ఒక నిమిషం మౌనంగా ఉండి, ‘ఆ నీళ్లు మేమే ఇవ్వమని చెప్పి ఉండవలసింది అమ్మా’ అన్నారు. తరువాత ఆయన చెప్పిన సంగతి ఇది. మత్తుకు రెండు గంటల ముందు నీళ్లు ఆపితే చాలని డాక్టర్లు చెబుతారు. వరుస మారితే ఇబ్బంది అని వార్డులో దాన్ని నాలుగు చేస్తారు. కౌంటరులో రాత్రి నుంచి అంటారు. ఇంట్లో భయం కొద్దీ సాయంత్రం నుంచే మానిపిస్తారు. ఒక్కొక్కరూ తమ వంతు జాగ్రత్త కలుపుతారు. ఆ జాగ్రత్తలన్నీ కలిసి చివరికి పిల్ల గొంతు మీద పడతాయి.

ఆయన మాటలు విన్నాక నేను ఊరికే ఉండలేదు. తెలిసిన వైద్యులను అడిగాను, మా మేనల్లుడి చేత మార్గదర్శకాలు తెప్పించుకుని చదివించుకున్నాను. నాకు అర్థమైనది నా భాషలో చెబుతాను, తప్పుంటే దిద్దండి.

మత్తుకు ముందు కడుపు ఖాళీగా ఎందుకు ఉండాలో ప్రతి తెలుగు తల్లికీ ఒక్క మాటలో చెప్పవచ్చు. పొలమారడం. తింటుంటే మెతుకు దారి తప్పితే దగ్గు వస్తుంది, కళ్ల నీళ్లు తిరుగుతాయి. పెద్దవాళ్లు మాడు మీద తట్టి ఎవరో తలచుకుంటున్నారు అంటారు. ఆ దగ్గే మనకు కాపలా. మత్తులో ఆ కాపలా నిద్రపోతుంది. కడుపులో ఉన్నది పైకి తన్నుకువస్తే దగ్గు రాదు, ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. అన్నమైతే గాలి గొట్టాన్ని మూసేస్తుంది, జీర్ణరసమైతే లోపల కాలుస్తుంది. ఈ నాలుగు వాక్యాలూ మీ కౌంటరులో ఎవరైనా చెప్పి ఉంటే, ఆ వరండాలో ఏ తల్లీ ఇడ్లీ ముక్క దాచుకోదు. ఎందుకో తెలియని కట్టుబాటును దొంగచాటుగా దాటుతారు గానీ, ఎందుకో తెలిసిన జాగ్రత్తను ఎవరు దాటుతారు?

ఈ భయం ఊహ కాదు. 1946లో న్యూయార్క్ ప్రసూతి వైద్యుడు కర్టిస్ మెండెల్సన్ 44,016 కాన్పుల లెక్కలు చూసి, మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయిన 66 మందిని గుర్తించాడు. వారిలో ఇద్దరు మరణించారు, ఆ ఇద్దరికీ గాలి అందకుండా చేసింది గట్టి ఆహారమే. అవి నొప్పులు పడుతున్న తల్లుల లెక్కలు. ఆ తరువాతి దశాబ్దాల్లో అర్ధరాత్రి దాటాక నోట్లోకి ఏమీ పోకూడదన్న నియమం అన్ని ఆపరేషన్లకూ, అన్ని వయసులకూ పాకింది. అన్నానికీ నీళ్లకూ మధ్య ఉన్న తేడా ఆ ప్రయాణంలో ఎక్కడో జారిపోయింది.

నిజానికి ఆ తేడా అంతకు చాలా ముందే వైద్యులకు తెలుసు. 1883లోనే బ్రిటన్ శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్, క్లోరోఫాం అనే మత్తుమందు ఇచ్చే వేళకు కడుపులో గట్టి పదార్థం ఉండకూడదు గానీ రెండు గంటల ముందు ఒక కప్పు టీ ఇవ్వడం మేలు అని రాశాడట. ఈ సంగతి విన్నప్పుడు నాకు ఆశ్చర్యమూ బాధా రెండూ కలిగాయి. నూట నలభై ఏళ్ల కిందట తెలిసిన సంగతి మా వరండాకు ఇంకా చేరలేదన్నమాట.

ఇప్పుడు మీరు చదువుకునే లెక్క తేలికైనదే. నీళ్లకు రెండు గంటలు, తల్లిపాలకు నాలుగు గంటలు, పోతపాలకూ తేలికపాటి ఆహారానికీ ఆరు గంటలు. వేపుళ్లు, మాంసం వంటివైతే ఎనిమిది గంటలో, అంతకన్నా ఎక్కువో. నీళ్లు కడుపులో నిలవవు, పిల్లలు తాగిన నీళ్లలో సగానికి పైగా అరగంటలోపే కిందికి దిగిపోతాయి. ఆవుపాలు, గేదెపాలు మన కంటికి ద్రవమే గానీ, కడుపులోని పులుపు తగలగానే గడ్డకడతాయి. అందుకే వాటిని అన్నంతో సమానంగా చూస్తారు. ఈ సంగతి తెలియక ‘పాలే కదా, నీళ్ల లాంటివే’ అనుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మా ఇల్లూ వాటిలో ఒకటి.

2018లో బ్రిటన్, ఫ్రాన్స్, ఐరోపా పిల్లల మత్తు వైద్యుల సంఘాలు కలిసి, నీళ్ల వంటి తేట ద్రవాలను ఒక గంట ముందు వరకు ఇవ్వవచ్చని, ఇవ్వమని ప్రోత్సహించాలని ప్రకటించాయి. 2022లో వచ్చిన ఐరోపా మార్గదర్శకాలు తల్లిపాల గడువును మూడు గంటలకు, పోతపాల గడువును నాలుగు గంటలకు తగ్గించాయి. అమెరికా వైద్యులు 2023లో మళ్లీ పరిశీలించి, నీళ్లకు రెండు గంటల దగ్గరే ఆగారు. ఆగుతూనే, పిల్లలను ఆ రెండు గంటలకు వీలైనంత దగ్గర వరకు తాగనివ్వాలని, అనవసరంగా ఎక్కువసేపు ఎండగట్టవద్దని చెప్పారు. ఒక గంటా, రెండు గంటలా అన్నది మీ పెద్దల మధ్య చర్చ. అందులో తలదూర్చే అర్హత నాకు లేదు. కానీ పదహారు గంటలు అని ఆ చర్చలో ఏ పక్షమూ అనడం లేదు.

స్వీడన్‌లోని ఉప్సలాలో ఆపరేషన్ గదికి పిలిచేదాకా పిల్లలను నీళ్లు తాగనిచ్చి, 10,015 మంది లెక్క తీసి 2015లో ప్రచురించారు. ఊపిరితిత్తుల్లోకి పోయినవారు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఎవరికీ వెంటిలేటరు అవసరం పడలేదు. మన వార్డులు ఉప్సలా కావని, మన దగ్గర మంచానికి ఒక సిస్టరు ఉండదని మీరంటే ఒప్పుకుంటాను. ఉప్సలా మాకు వద్దు. మీ పుస్తకంలో ఇప్పటికే ఉన్న రెండు గంటలు మాకు నిజంగా దక్కితే చాలు.

చిన్నపిల్ల అంటే కొలత తగ్గిన పెద్దవారు కాదు. మనం ఏకాదశికి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఉండగలం. పిల్ల కాలేయంలో దాచుకునే చక్కెర నిల్వ తక్కువ, పుట్టిన కొద్ది నెలల వారికైతే మరీ తక్కువ. గంటలు గడిచేకొద్దీ రక్తంలో చక్కెర పడుతుంది, ఒళ్లు తన కొవ్వును తానే కరిగించుకోవడం మొదలుపెడుతుంది. నీరు తగ్గిన పిల్లకు మత్తు ఇవ్వగానే రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉందని మీరే చెబుతారు. అంటే ఈ అతి జాగ్రత్త పిల్లను ఏడిపించి ఊరుకోవడం లేదు, మీ పనిని కూడా కష్టం చేస్తోంది. మన పెద్దలు ఇంట్లో ఎన్ని ఉపవాసాలు చేసినా, పసివాళ్లకూ గర్భిణులకూ ముసలివారికీ మినహాయింపు ఇచ్చారు. దేవుడి దగ్గర దొరికిన మినహాయింపు ఆసుపత్రి దగ్గర దొరకడం లేదు.

ఇక నా సొంత రంగానికి వస్తాను. ‘పరగడుపున గోరువెచ్చని నీళ్లు తాగండి’ అని మనవాళ్లు చెప్పడం మీరు వినే ఉంటారు. అంటే తెలుగులో నీళ్లు తాగినంత మాత్రాన పరగడుపు చెడదు. ఆ మాటకు అర్థం పొద్దున ఆహారం తినక ముందరి కడుపు అనే. అందులో గంటలు లేవు, నీళ్ల మీద నిషేధం లేదు. మీ ఇంగ్లీషు నియమంలో ఉన్న మూడు వేర్వేరు గడువులను ఒక్క తెలుగు మాటలో కుక్కబోతే, ఆ మాట తనకు లేని కాఠిన్యాన్ని మోయవలసి వచ్చింది. ఒకరికి అది రాత్రి నుంచి అని, ఇంకొకరికి కాఫీ తాగవచ్చు గాని టిఫిన్ వద్దని, మరొకరికి మందు కూడా వద్దని వినిపిస్తుంది. తప్పు వినేవారిది కాదు.

అందుకని నా మొదటి విన్నపం, పిల్లల విషయంలో ఆ మాట మానేసి గడియారం చెప్పండి. ముందు రోజు ఇచ్చే చీటీ మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఆ పిల్లకు ఆ రోజు ఇచ్చిన సమయాన్ని బట్టి చేత్తో నింపండి. ‘మీ పాప వరుస సుమారు పదకొండు గంటలకు. అన్నం, టిఫిన్, బిస్కెట్లు, డబ్బా పాలు, గేదెపాలు తెల్లవారుజామున ఐదు వరకే. తల్లిపాలు ఏడు వరకు. మంచినీళ్లు తొమ్మిది వరకు ఇవ్వవచ్చు, తప్పక ఇవ్వండి. రోజూ వేసే మందు వేయాలా వద్దా: ఇక్కడ రాయాలి.’ ఇంతే. చదవడం రానివారికి సిస్టరు ఒకసారి చదివి వినిపిస్తే చాలు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి పాలు తాగించమంటే లేపని తల్లి మన రెండు జిల్లాల్లోనే కాదు, ఎక్కడా ఉండదు.

ఆ చీటీలో ‘ఇవ్వవచ్చు’ అన్న మాట పక్కన ‘ఇవ్వండి’ అన్న మాట కావాలని పెట్టాను. అనుమతి ఇస్తే భయపడేవారు ఇవ్వరు, ఆదేశిస్తే ఇస్తారు. కిలోకు మూడు మిల్లీలీటర్ల చొప్పున అని ఐరోపా వైద్యులు చెప్పిన కొలత చూశాను. పదకొండు కిలోల మా పాపకు అది ముప్ఫై మూడు మిల్లీలీటర్లు, దాదాపు ఒక ఉగ్గుగిన్నెడు. ఆ రోజు నా మనవరాలికి దొరకనిది ఆ ఉగ్గుగిన్నెడు నీళ్లే.

మీ పుస్తకాల్లో తేట ద్రవాలంటే నీళ్లు, గుజ్జు లేని ఆపిల్ రసం అని ఉంది. మా పిల్లలు ఆపిల్ రసం తాగరు. మా ఇళ్లలో ఉండేది మజ్జిగ, రాగి జావ, గంజి, సగ్గుబియ్యం జావ, కొబ్బరి నీళ్లు, బార్లీ నీళ్లు, పాలు కలిపిన టీ. మజ్జిగను ఎంత పలచగా చేసినా అది పాల జాతేనని, జావ కంటికి పలచగా ఉన్నా పిండేనని మాకు ఎవరు చెప్పారు? కొబ్బరి నీళ్లు ఏ వరుసలోకి వస్తాయి? మీ రెండు నగరాల మత్తు వైద్యులు ఒక పూట కలిసి కూర్చుని మన వంటింటి జాబితా ఒకటి తయారు చేయండి. ఏది నీళ్ల కిందికి, ఏది పాల కిందికి, ఏది అన్నం కిందికి వస్తుందో తేల్చి చెప్పండి. ఆ పని ఉప్సలా వాళ్లు చేసిపెట్టరు, మనమే చేసుకోవాలి.

నీళ్లు ఇవ్వవచ్చంటే పాలు ఇచ్చేస్తారు, అందుకే అన్నీ వద్దంటాం అని ఒక సిస్టరు నాతో అన్నారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పొరపాటు జరిగితే ముందుగా మాట పడేది ఆమే. కానీ పోలియోకు రెండు చుక్కలు ఏ ఆదివారం వేయించాలో, విరేచనాలకు లీటరు నీటిలో ఉప్పు, చక్కెర పొడి పొట్లం ఎలా కలపాలో ఇదే తల్లులు నేర్చుకున్నారు. పల్నాడు మిరప చేలల్లో ఏ మందు కొట్టాక ఎన్ని రోజులకు కాయ కోయాలో లెక్క పెట్టుకునే మనుషులకు తొమ్మిది గంటలంటే తెలియకపోదు. మనం విడమరచి చెప్పలేదు, అంతే.

పిలిచే వరుస గురించి కూడా ఒక మాట. అందరినీ ఏడింటికి రమ్మని, చిన్నపిల్లను మధ్యాహ్నం పిలవడం కంటే, పసివాళ్లను ముందు వరుసలో పెట్టడం సాధ్యమే కదా. అత్యవసరం వచ్చి వరుస జరిగితే, జరిగిన సంగతి వరండాలోకి వచ్చి చెప్పే మనిషి ఒకరు కావాలి. ‘ఇంకా రెండున్నర గంటలు పడుతుంది, ఇప్పుడు అరగంటలోపు నీళ్లు పట్టండి’ అని ఆ మనిషి చెబితే చాలు. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త ఉద్యోగం కూడా అక్కర్లేదేమో. ఒక ఫోను, ఒక కూజా నీళ్లు చాలు.

ప్రశ్న అడిగే తీరు కూడా మార్చమని చేతులు జోడించి అడుగుతున్నాను. ‘ఏమైనా పెట్టారా?’ అన్నది ప్రశ్న కాదు, నేరారోపణ. దానికి తల్లి నోటి నుంచి వచ్చే సమాధానం ‘లేదు’ అనే. ‘చివరగా పాపకు ఏం పెట్టారు, ఎన్ని గంటలకు?’ అని అడిగితే తల్లి ఆలోచించి సమయం చెబుతుంది. నిజం చెప్పిన తల్లిని రేపు రమ్మని పంపేయకండి. మాచర్ల నుంచి వచ్చిన ఆ తల్లి పదిన్నరకు పాలిచ్చింది. నాలుగు గంటలు లెక్కవేసినా మధ్యాహ్నం రెండున్నరకు ఆ బిడ్డకు పరీక్ష చేసి ఉండవచ్చు. మా పాపను లోపలికి పిలిచింది రెండుంపావుకే. ఆ వేళకు ఆమె బహుశా నరసరావుపేట దాటి ఉంటుంది, మరో రాత్రి బిడ్డకు పాలు ఇవ్వకుండా ఉండాలని మనసులో గట్టిపడుతూ.

అందరు పిల్లలకూ ఒకే లెక్క సరిపోదని నాకు తెలుసు. పేగు మూసుకుపోయిన బిడ్డ, తిన్నది ఊరికే పైకి వచ్చే బిడ్డ, మధుమేహం ఉన్న బిడ్డ, ప్రమాదంలో దెబ్బతిని వచ్చిన బిడ్డ వీరి సంగతి వేరు. వారికి ఏది సురక్షితమో మీరే నిర్ణయించాలి. ఈ ఉత్తరం చదివే తల్లిదండ్రులకు కూడా ఒక మాట. నేను రాసిన గంటలు చూసి మీ అంతట మీరు నీళ్లు పట్టకండి, నాలా దాచకండి. ముందు రోజే వైద్యుణ్ణి అడగండి. ‘నీళ్లు ఎన్ని గంటల వరకు, పాలు ఎన్ని గంటల వరకు, రోజూ వేసే మందు సంగతి ఏమిటి’ అని మూడు ప్రశ్నలు అడిగి, సమాధానం కాగితం మీద రాయించుకోండి. పొరపాటున ఏదైనా పెట్టి ఉంటే ఎవరు కోప్పడినా సరే చెప్పండి.

డాక్టరు గార్లకు చివరగా ఒక సంగతి. మీరు రెండు గంటలు అని చెప్పి చేతులు కడుక్కుంటే కుదరదు. మీ మాట కౌంటరు దాకా, కౌంటరు నుంచి మాచర్ల దాకా చెడిపోకుండా చేరుతోందో లేదో మీరే చూడాలి. నెలకు ఒక్కరోజు మత్తుకు వచ్చిన ప్రతి తల్లినీ చివరిగా ఎప్పుడు నీళ్లిచ్చావమ్మా అని అడిగి రాసుకోండి. ఆ అంకెలు మీ గదిలో గోడకు పెట్టుకోండి.

చీటీ తెలుగులో రాయడానికి, వంటింటి జాబితాను మామూలు మాటల్లోకి మార్చడానికి, అచ్చుతప్పులు దిద్దడానికి ఎవరికి అవసరమైనా నేను సిద్ధంగా ఉన్నాను. గుంటూరులోనైనా విజయవాడలోనైనా పిలిస్తే వస్తాను. ముందుగా ఒక నమూనా చీటీ రాసి మా వీధిలోని మందుల దుకాణంలో పెట్టాను. అందులో నీళ్ల గడువు, పాల గడువు, మందు గడువు ఉన్న చోట్లు మూడూ ఖాళీగా వదిలాను. అవి మీరు నింపవలసినవి.

ఇట్లు,
ఒక అమ్మమ్మ, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
బ్రాడీపేట, గుంటూరు